చట్టంలో మాట తేలకపోతే డౌటు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

విడవలూరు చెరువు | ఆదివారం, రాత్రి 9:42

మా దగ్గర రొయ్యల మేత, మందులు అమ్మే షాపాయనకు నోటీసు వచ్చింది. మేతలో కలిపే విటమిన్ పొడిని ఆయన మేత కిందే బిల్లు వేశాడు, పన్ను వెయ్యలేదు. ఆఫీసు వాళ్లేమో అది మేత కాదు, మందు కిందికి వస్తుందంటున్నారు. వెనకటి పన్ను, దాని మీద వడ్డీ, పైన పెనాల్టీ. డబ్బా నేను చూశాను. ‘ఫీడ్ గ్రేడ్’ అని ఉంది, కిలో మేతకు ఎన్ని గ్రాములు కలపాలో ఉంది. తెగులుకు వాడమని ఎక్కడా లేదు.

ఆయన కేసు ఆయన లాయరు చూసుకుంటాడు. నాకు కావాల్సింది వేరే. చట్టంలో మాట రెండు రకాలుగా చదువుకునేటట్టు ఉంటే జడ్జి ఏం చెయ్యాలి? అనుమానం ఉంటే ముద్దాయికి వదిలెయ్యాలని చిన్నప్పటి నుంచీ వింటున్నాం గదా, పన్నుల్లో కూడా అంతేనా? గట్టు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం, తేలలా.

ట్రంక్‌రోడ్ ట్యాక్స్ | ఆదివారం, రాత్రి 10:15

అన్నా, మీరు అడిగిన ప్రశ్నకు సుప్రీంకోర్టు 2018లోనే జవాబు చెప్పింది. అదీ రొయ్యల మేత కేసులోనే. కస్టమ్స్ కమిషనర్ వర్సెస్ దిలీప్ కుమార్ అండ్ కంపెనీ, జులై 30, 2018. ఐదుగురు జడ్జిల బెంచి. తీర్పు రాసింది జస్టిస్ ఎన్.వి. రమణ. ఆ బెంచిలోనే ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు.

కథ ఏంటంటే, 1999లో ఒక కంపెనీ విటమిన్ ఈ-50 పొడి దిగుమతి చేసుకుంది. మీ షాపాయన డబ్బా మీద ఉన్నట్టే అది కూడా ఫీడ్ గ్రేడే. రొయ్యల మేతకు సుంకం 5 శాతం, మామూలుగా అయితే 30 శాతం. ఇది రొయ్యల మేతే అని కంపెనీ అంది. మేతలో కలిపే పదార్థం వేరు, మేత వేరు అని కస్టమ్స్ అంది. దానికి ముందు 1997లో సన్ ఎక్స్‌పోర్ట్ అనే కేసులో ముగ్గురు జడ్జిలు, మినహాయింపు నోటిఫికేషన్‌లో రెండు అర్థాలు వస్తుంటే పన్ను కట్టేవాడికి లాభించే అర్థం తీసుకోవచ్చన్నారు. 2018లో ఐదుగురూ కలిసి దాన్ని కొట్టేశారు.

ఇప్పుడు నడుస్తున్న రూలు ఇది. పన్ను వేసే సెక్షన్‌లో అనుమానం వస్తే లాభం కట్టేవాడికి. మినహాయింపులో అనుమానం వస్తే లాభం ప్రభుత్వానికి. మినహాయింపు నాకు వర్తిస్తుందని నిరూపించుకునే బాధ్యత అడిగినవాడిది. ఆ విటమిన్ మేతా కాదా అన్నది మాత్రం ఆ ఐదుగురూ తేల్చలేదు. సూత్రం చెప్పి, కేసును తగిన బెంచికి పంపారు.

విడవలూరు చెరువు | ఆదివారం, రాత్రి 10:31

ఇదేం న్యాయం సార్? నోటిఫికేషన్ రాసింది వాళ్లు. అర్థం కాకుండా రాసింది వాళ్లు. దానికి డబ్బు కట్టేది మేమా? మా కౌలు కాగితంలో ఒక మాట అటూ ఇటూగా ఉంటే, రాయించిన ఆసామి నెత్తినే వేస్తారు గదా పెద్దమనుషులు.

పాత ప్లీడరు, ఒంగోలు | సోమవారం, ఉదయం 6:20

విడవలూరు అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. ఒప్పందాల్లో ఆ సూత్రం నిజంగానే ఉంది. కాగితం రాసినవాడి మాట తేలకపోతే రాసినవాడికే వ్యతిరేకంగా చదువుతారు. ఇన్సూరెన్స్ పాలసీల కేసుల్లో రోజూ వాడేదే. చట్టానికి మాత్రం దాన్ని అలాగే వర్తింపజెయ్యరు. మినహాయింపు అనేది అందరి మీదా పడే పన్నులోంచి కొందరిని తప్పించడం, వీళ్లకు వదిలింది మిగతావాళ్ల మీద పడుతుంది, కాబట్టి గట్టిగా చూడాలన్నది కోర్టు తర్కం. ఆ తర్కం నాకు పూర్తిగా మింగుడుపడదు. అది తర్వాత చెప్తాను.

ముందు ఒక సంగతి. ‘ఈ సెక్షన్ అస్పష్టంగా ఉంది’ అని కోర్టులో వాదించినప్పుడల్లా సెక్షన్ అస్పష్టంగా ఉందని కాదు. చాలాసార్లు సెక్షన్ చక్కగానే ఉంటుంది, క్లయింటుకు ఎదురు తిరిగి ఉంటుంది, అంతే. కాబట్టి జడ్జి చేసే మొదటి పని మాటను మాటగా చదవడం. ఆ మాటకు బజార్లో, వాడుకలో ఏ అర్థం ఉందో ఆ అర్థం ఇవ్వడం. అక్కడితో తేలిపోతే ముందుకు పోనక్కర్లేదు.

తేలకపోతే? లేదా మాటను అక్షరాలా చదివితే అర్థంపర్థంలేని ఫలితం వస్తే? అప్పుడు నాలుగు వందల ఏళ్లకు పైగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. 1584లో ఇంగ్లాండులో హేడన్ కేసు. ఈ చట్టం రాకముందు పరిస్థితి ఏంటి? అప్పుడున్న లోటు ఏంటి? దానికి ఈ చట్టం వేసిన మందు ఏంటి? ఆ మందు ఎందుకు వేశారు? ఈ నాలుగూ అడిగి, లోటును పూడ్చే అర్థాన్ని తీసుకోమన్నారు. మన సుప్రీంకోర్టు 1955లో బెంగాల్ ఇమ్యూనిటీ కేసులో దీన్ని బాగా ఆనుకుంది.

ఇంకోటి. అన్ని చట్టాలకూ ఒకటే కొలత కాదు. మనిషిని జైల్లో పెట్టే చట్టంలో మాట తేలకపోతే ముద్దాయి వైపు. ఇది మీరు చిన్నప్పటి నుంచి వింటున్నదానికి దగ్గర్లో ఉన్నదే గానీ అదీ ఇదీ ఒకటి కాదు. మీరు విన్నది సాక్ష్యం గురించి, నేను చెప్పేది సెక్షన్‌లో మాట గురించి. కూలీలకు, కౌలుదార్లకు, ప్రమాదంలో కాళ్లు పోయినవాళ్లకు మేలు చెయ్యడానికి వచ్చిన చట్టమైతే కాస్త చెయ్యి వదిలి, ఉదారంగా చదువుతారు.

బజారు అర్థం అన్నాను కాబట్టి మనవాళ్ల కేసే చెప్తాను. 1978, అల్లాడి వెంకటేశ్వర్లు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. మన సేల్స్ ట్యాక్స్ పట్టికలో ‘రైస్’ అని ఉంది. అటుకులు రైసా? మరమరాలు రైసా? ఢిల్లీ దాకా పోయింది ఈ గొడవ. ఆ తీర్పు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో మన అటుకులు కనబడతాయి. రైసేనని తేల్చారు, వ్యాపారులు గెలిచారు. దానికి కొన్నేళ్ల ముందే హర్యానా నుంచి వచ్చిన గణేశ్ ట్రేడింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు వడ్లు వేరు, బియ్యం వేరు అంది. అంటే పొట్టు తీస్తే సరుకు మారిపోయింది, వేయించి పేలిస్తే మారలేదు.

పొదలకూరు నిమ్మ | సోమవారం, ఉదయం 7:05

పెద్దాయనా, పొద్దున్నే బొరుగులు తింటా చదివాను మీ పోస్టు. ఇక మీద బియ్యమే తింటున్నట్టు లెక్క.

నాదొక డౌటు. నిమ్మకాయ కూరగాయా, పండా? మా యార్డులో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే.

పాత ప్లీడరు, ఒంగోలు | సోమవారం, ఉదయం 7:18

నిమ్మ మీద నాకు తెలిసిన తీర్పు లేదు గానీ తమలపాకు మీద ఉంది. 1961, రామావతార్ బుధాయిప్రసాద్ కేసు. కూరగాయలకు అమ్మకపు పన్ను లేదు, తమలపాకు కూడా చెట్టుకు కాసేదే గదా అని వాదించారు. వృక్షశాస్త్రం మాకొద్దు, సంతలో కూరగాయలంటే జనం ఏమనుకుంటారో అదే అర్థం అన్నారు. తమలపాకు కూరగాయ కాదు. 1977లో పచ్చి అల్లం మాత్రం కూరగాయే అయింది, బెంగాల్ కేసు.

కావలి_లా3 | సోమవారం, ఉదయం 10:50

సార్, నమస్తే. నేను లా మూడో సంవత్సరం. ఈ సబ్జెక్టు మాకు ఈ సెమిస్టర్‌లోనే ఉంది, అందుకే ఆగలేక రాస్తున్నాను.

మాటను చూడాలా, ఉద్దేశం చూడాలా అన్నదానికి మన తీరం నుంచే పెద్ద ఉదాహరణ ఉంది. ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, డిసెంబర్ 11, 1996. 1991 ఫిబ్రవరి 19న వచ్చిన కోస్తా నియంత్రణ నోటిఫికేషన్‌లో, పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు కొత్త పరిశ్రమలు పెట్టకూడదని ఉంది. ఒక మినహాయింపు ఉంది. నీటి అంచుతో నేరుగా సంబంధం ఉన్నవి, తీరపు సదుపాయాలు నేరుగా అవసరమైనవి పెట్టుకోవచ్చు. రొయ్యల చెరువు అందులోకి వస్తుందా? మాట ప్రకారం చూస్తే ఉప్పునీళ్లు లేకుండా రొయ్య లేదు, కాబట్టి వస్తుందని వాదించొచ్చు. జస్టిస్ కుల్దీప్ సింగ్ బెంచి ఒప్పుకోలేదు. సముద్రపు నీటి మీద ఆధారపడినంత మాత్రాన తీరం నేరుగా అవసరమైన పరిశ్రమ అయిపోదు, తీరాన్ని కాపాడటానికి పెట్టిన రూలును తీరాన్ని పాడుచేసేదానికి దారిగా చదవకూడదు అన్నట్టు సాగింది తీర్పు. 1997 మార్చి 31 లోపు ఆ హద్దులో ఉన్న చెరువులు తీసెయ్యాలన్నారు. పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపు అసలు వద్దన్నారు. సంప్రదాయ పద్ధతిలో చేసేవాళ్లను మాత్రం వదిలారు.

నాకైతే అది సరైన పద్ధతే అనిపిస్తుంది. నోటిఫికేషన్ పుట్టిందే తీరం కోసం.

మైపాడు పాత రైతు | సోమవారం, మధ్యాహ్నం 1:30

అమ్మాయీ, పుస్తకంలో చదివినదానికీ గట్టు మీద నిలబడి విన్నదానికీ తేడా ఉంటుంది. 94, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు తీరకముందే ఈ తీర్పు. మేం దాన్ని సాగు అనేవాళ్లం. వరి వేసినట్టే రొయ్య వేశాం అనుకున్నాం. తీర్పులో ఇండస్ట్రీ అని పడింది. ఆ ఒక్క మాటతో మేం రైతులం కాకుండా పోయాం, నోటిఫికేషన్ మా మీదికి వచ్చింది. మరి ఆ మాట ఎవరు తేల్చాలి? తేల్చేముందు మమ్మల్ని ఎవరడిగారు?

అయితే ఒకటి, అబద్ధం చెప్పకూడదు. మా పక్క పాలెంలో మంచినీళ్ల బావులు ఉప్పుబారాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చాలా దూరం పోయేవాళ్లు. కేసు వేసినవాళ్ల బాధ ఉత్తుత్తిది కాదు.

కావలి_లా3 | సోమవారం, మధ్యాహ్నం 2:10

పెద్దాయనా, మీ ప్రశ్నకు చివరికి పార్లమెంటే జవాబు చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చారు. దాంట్లో 27వ సెక్షన్, ఆ 1991 నోటిఫికేషన్‌లోని నిషేధాలు కోస్తా ఆక్వాకల్చర్‌కు వర్తించవని చెప్పింది. అదీ వెనకటి తేదీ నుంచి, అంటే 1991 ఫిబ్రవరి 19 నుంచే అలా ఉన్నట్టు. 200 మీటర్ల హద్దు పెట్టి, అప్పటికే ఉన్న చెరువులను ఆ హద్దు నుంచి తప్పించారు. కోర్టు ఒక అర్థం చెప్పింది, అది నచ్చక చట్టసభ మాటనే మార్చింది. వ్యవస్థ నడవాల్సింది ఇలాగే కదా?

కందుకూరు మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:45

అమ్మా, నడవాల్సింది అలాగే. కానీ మార్చడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో బతికినవాడి సంగతి?

నాకు ఈ ‘ఉద్దేశం’ అనే మాట మీదే అనుమానం. ఎవరి ఉద్దేశం? మన అసెంబ్లీలో 175 మంది. బిల్లు చదివి ఓటేసేవాళ్లు ఎంతమంది, విప్ జారీ అయింది కాబట్టి చెయ్యి ఎత్తేవాళ్లు ఎంతమంది? చర్చ లేకుండానే గంటలో పాసయ్యే బిల్లులు చూస్తున్నాం. ఆ 175 మందికీ కలిపి ఒక ఉద్దేశం ఉందనీ, ఎన్నో ఏళ్ల తర్వాత ఢిల్లీలో కూర్చున్న ఇద్దరు జడ్జిలకు అది దొరుకుతుందనీ నేను నమ్మను. జడ్జి తన మనసులో ఉన్నదాన్ని చట్టం ఉద్దేశం అని పేరు పెట్టి చెప్పడానికి ఇది చాలా సులువైన దారి.

2013 భూసేకరణ చట్టం, 24(2) సెక్షన్ చూడండి. పాత 1894 చట్టం కింద అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ఇచ్చి ఐదేళ్లు, అంతకు మించి అయ్యి, భూమి స్వాధీనం చేసుకోకపోయినా ‘లేదా’ పరిహారం చెల్లించకపోయినా ఆ సేకరణ రద్దయినట్టే అని రాశారు. పదో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. రెండింట్లో ఏది జరక్కపోయినా రద్దు. 2014లో పుణె మునిసిపల్ కార్పొరేషన్ కేసులో ముగ్గురు జడ్జిలు అలాగే చదివారు. 2020 మార్చి 6న ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జిలు ఏమన్నారు? ఆ ‘లేదా’ను ‘మరియు’ అని చదువుకోవాలన్నారు. అంటే రెండూ జరగకపోతేనే రద్దు.

మా కుటుంబం పొలం కాలువ కింద పోయింది. అవార్డు 2007లో. డబ్బు ట్రెజరీలో వేశామని ఆఫీసు వాళ్లు తర్వాతెప్పుడో చెప్పారు, చేతికి పైసా రాలేదు. కాగితం మీద స్వాధీనం చేసుకున్నారు. పంచనామా మీద మా సంతకాలు కూడా లేవు. నేల మీద మాత్రం 2014 దాకా మేమే మినుము వేసుకున్నాం. పుణె తీర్పు ప్రకారం అది మా భూమి. ఇండోర్ తీర్పు ప్రకారం పంచనామా రాస్తే స్వాధీనం చేసుకున్నట్టే, కాబట్టి మాది కాదు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు.

చీమకుర్తి బ్లాక్ | సోమవారం, సాయంత్రం 6:30

మాస్టారూ, మీది ‘లేదా’ కథ అయితే మాది అచ్చుతప్పు కథ.

గ్రానైట్ తవ్వితే రాయల్టీ కడతాం. రాయల్టీ పన్నా, కాదా? పన్ను అయితే దాని మీద రాష్ట్రం ఇంకో సెస్సు వెయ్యలేదని వాదన. 1989లో ఇండియా సిమెంట్ కేసులో ఏడుగురు జడ్జిలు ‘రాయల్టీ పన్నే’ అని రాశారు. 2004లో కేశోరామ్ కేసులో ఐదుగురు జడ్జిలు, అది అచ్చుతప్పు, ‘రాయల్టీ మీద సెస్సు పన్ను’ అని ఉండాల్సింది అన్నారు! చట్టం సంగతి అటుంచి, దాన్ని విప్పి చెప్పిన తీర్పుకే అర్థం తేలలా. చివరికి 2024 జులై 25న తొమ్మిదిమంది జడ్జిలు కూర్చుని, ఎనిమిది ఒకటితో, రాయల్టీ పన్ను కాదని తేల్చారు. జస్టిస్ నాగరత్న ఒక్కరే ఒప్పుకోలేదు. 35 ఏళ్లు పట్టింది.

దాని వెనకే ఆగస్టు 14న ఇంకో ఉత్తర్వు. రాష్ట్రాలు 2005 ఏప్రిల్ 1 నుంచి వెనకటి బాకీలు కూడా అడగొచ్చు, 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్లలో వాయిదాలుగా. అప్పట్లో అమ్మేసిన రాయికి ఇప్పుడు పన్ను అడిగితే, కొన్నవాడి దగ్గరికి పోయి వసూలు చేసుకోగలమా? మా దగ్గర అకౌంట్లు రాసేవాళ్లకు అప్పటి నుంచి టెన్షనే.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 8:00

చర్చ బాగుంది. ఒక్క మనవి. ఇంకా కోర్టులో నడుస్తున్న సొంత కేసుల నంబర్లు, ఆఫీసుల పేర్లు, ఆఫీసర్ల పేర్లు పెట్టకండి. ఇప్పటిదాకా ఎవరూ పెట్టలేదు, థాంక్స్.

పాత ప్లీడరు, ఒంగోలు | సోమవారం, రాత్రి 9:10

మాస్టారు గారూ, మీ పొలం సంగతి చదివి బాధేసింది. ఆ తీర్పును నేను వెనకేసుకురాను. కానీ అవతలి వాదన కూడా ఇక్కడ ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

ఐదుగురూ చెప్పిందేంటంటే, ‘ఇది జరగలేదు లేదా అది జరగలేదు’ అని రెండు ‘లేదు’ల మధ్య వచ్చిన మాటను చట్టంలో రెండూ జరగనప్పుడే అన్నట్టు చదివే పద్ధతి ఉందని. ఆ సెక్షన్ వచ్చింది అవార్డు ఇచ్చి పడుకున్న అధికార్ల అలసత్వానికి మందుగా. పరిహారం ఇవ్వబోతే తీసుకోనని, స్టే తెచ్చుకుని ఏళ్ల తరబడి కోర్టుల్లో ఉన్నవాళ్లకు లాభం చెయ్యడానికి కాదు. రోడ్లు, కాలనీలు లేచిన భూములు కూడా డబ్బు ముట్టలేదన్న ఒక్క కారణంతో వెనక్కి పోతాయన్న భయం కూడా వాళ్ల మనసులో ఉంది. పెద్ద ప్లాట్ల వ్యాపారుల విషయంలో ఆ భయం నిజమే. మీలాంటివాళ్లు ఆ గాలికి కొట్టుకుపోయారు.

ఇంగ్లాండులో ఇదే తగవు 1949లో, 1951లో నడిచింది. చట్టం అనే బట్టను జడ్జి మార్చకూడదు గానీ దాని ముడతలు ఇస్త్రీ చెయ్యొచ్చు, చెయ్యాలి అన్నాడు లార్డ్ డెన్నింగ్. ఖాళీలు పూడ్చడం చట్టసభ పనిని లాక్కోవడమే అని పై కోర్టులో లార్డ్ సైమండ్స్ గట్టిగా మందలించాడు. మన సుప్రీంకోర్టు 1961లోనే, హైదరాబాద్ మునిసిపాలిటీల చట్టం మీద వచ్చిన పెంటయ్య కేసులో, డెన్నింగ్ మాటను వాడుకుంది. నేను చిన్నప్పుడు డెన్నింగ్ వైపు ఉండేవాణ్ని. ఇప్పుడు కేసును బట్టి మారుతుంటాను.

కందుకూరు మాస్టారు | సోమవారం, రాత్రి 9:40

ప్లీడరు గారూ, ఇస్త్రీ వరకు ఒప్పుకుంటాను. ‘లేదా’ను ‘మరియు’ చెయ్యడం ఇస్త్రీ కాదండీ, చేతులు కత్తిరించి కాళ్లకు కుట్టడం.

ఇంకోటి చెప్పనా? 2014 డిసెంబర్ ఆఖర్లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 24(2)కే సవరణ. స్టే ఉన్న కాలం లెక్కలోంచి తీసెయ్యాలి, డబ్బు కోర్టులోనో దానికోసం పెట్టిన ఖాతాలోనో ఉంటే చెల్లించినట్టే. దాన్ని చట్టం చెయ్యడానికి బలం చాలలేదు, రాజ్యసభ దాటలేదు. 2015 ఆగస్టులో ఆర్డినెన్స్ పోయింది. అంటే మార్చాలా వద్దా అన్న ప్రశ్న చట్టసభ ముందుకు వచ్చింది, అది మారలేదు. ఆ తర్వాత కోర్టు చదివిన అర్థం దాదాపు ఆ ఆర్డినెన్స్ కోరుకున్న దగ్గరికే చేరింది. ఇంక దీన్ని చట్టసభ ఉద్దేశం అని ఎలా అంటారు?

కావలి_లా3 | సోమవారం, రాత్రి 10:05

మాస్టారూ, ఈ ఆర్డినెన్స్ సంగతి నాకు తట్టలేదు. మా క్లాసులో ఇండోర్ తీర్పును ఉద్దేశాన్ని బట్టి చదవడానికి ఉదాహరణగా చెప్పారు. అక్షరాన్ని బట్టి చదవడం ఎప్పుడూ పెద్దవాళ్లకే లాభం, ఉద్దేశాన్ని బట్టి చదివితే పేదవాళ్లకు లాభం అని నా మనసులో ఉండేది. ఇక్కడ తిరగబడింది.

అక్షరం పేదవాడికి ఎదురు తిరిగే చోట్లు కూడా లేకపోలేదు. మా అమ్మమ్మగారిది ఉదయగిరి వైపు. అక్కడ సగం గొడవలు అసైన్డ్ భూములవే. 1977 చట్టం నిర్వచనం ప్రకారం, అమ్మకూడదన్న షరతుతో భూమిలేని పేదలకు ఇచ్చిందే అసైన్డ్ భూమి. 1954 జూన్ 18 నాటి జీవో 1142కు ముందు ఇచ్చిన పట్టాల్లో ఆ షరతు లేదని, కాబట్టి వాటికి 1977 చట్టం వర్తించదని కోర్టులు చెబుతూ వచ్చాయి. అక్షరం ప్రకారం సరైనదే. కానీ అలా చేతులు మారిపోయిన భూముల్లో పేదవాళ్ల దగ్గర మిగిలినవి ఎన్ని?

పొదలకూరు నిమ్మ | సోమవారం, రాత్రి 10:12

చెల్లెమ్మా, అట్టా కొనుక్కున్నవాళ్లలో కూడా పేదోళ్లు ఉన్నారు. రెండెకరాలు కొని, రిజిస్ట్రేషన్లు ఆపే 22-ఎ జాబితాలో పెట్టేశారని రిజిస్ట్రేషన్ కాక తిరిగేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

ట్రంక్‌రోడ్ ట్యాక్స్ | మంగళవారం, ఉదయం 8:30

భూముల మీదికి పోయింది చర్చ. నేను మళ్లీ పన్నుల దగ్గరికి తెస్తాను, ఎందుకంటే దిలీప్ కుమార్ తీర్పుతో నాకు రోజూ పని.

ఆ తీర్పును ఆఫీసుల్లో ఎలా వాడుతున్నారో చూడండి. మినహాయింపు అనే మాట వినబడగానే ‘అనుమానం ప్రభుత్వానికి’ అని ఒక్క లైను రాసి ఆర్డరు ఇచ్చేస్తారు. తీర్పు చెప్పింది అది కాదు. నిజంగా అనుమానం మిగిలితేనే ఆ సూత్రం. ముందు మాటను చదవాలి, పట్టికను చదవాలి, బజార్లో ఆ సరుకును ఏమంటారో చూడాలి. అన్నీ అయ్యాక కూడా రెండు అర్థాలు సమానంగా నిలబడితే అప్పుడు. జీఎస్టీ మినహాయింపు పట్టికలో రొయ్యల మేతతో పాటు సప్లిమెంట్లు, అడిటివ్‌లు అనే మాటలు కూడా ఉన్నాయి. 1999 నాటి కస్టమ్స్ కేసును తెచ్చి యథాతథంగా దీని మీద పెట్టడానికి వీల్లేదు. అక్కడి మాటలు వేరు, ఇక్కడి మాటలు వేరు. అలాగని పైన కలిపే ప్రతి డబ్బా మేత అయిపోదు. తెగులు తగ్గించడానికి అని లేబుల్ మీద ఉంటే అది మందే. రెండూ రాసుకున్న డబ్బాలు నేను చూశాను, వాటితోనే తలనొప్పి.

మాట తేలదనుకున్నవాళ్లు ముందే అడ్వాన్స్ రూలింగ్, అంటే తమ సరుకుకు పన్ను ఎలా పడుతుందో చెప్పే ఉత్తర్వు, అడగొచ్చు. కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద ఐదేసి వేలు ఫీజు. 90 రోజుల్లో చెప్పాలని చట్టంలో ఉంది. అడిగినవాడికీ, అతని ఆఫీసరుకీ మాత్రమే అది కట్టుబాటు, పక్క షాపుకు పనికిరాదు. అదే ప్రశ్న మీద నోటీసు వచ్చి విచారణ మొదలైతే అప్లికేషన్ తీసుకోరు. కాబట్టి మీ షాపాయనకు ఆ దారి మూసుకుపోయినట్టే. జవాబులో లేబుల్ ఫొటో, కంపెనీ ఇచ్చిన వాడకం కాగితం, కొన్న రైతులు దాన్ని ఎలా వాడారో రాసిచ్చిన కాగితాలు పెట్టమనండి.

విడవలూరు చెరువు | మంగళవారం, ఉదయం 9:15

థాంక్స్ సార్, ఇది పనికొచ్చే మాట. రైతుల కాగితాలు నేను రాయించి ఇస్తా.

ఇంకొక్కటి. చట్టం తెలుగు ప్రతి ఒక రకంగా, ఇంగ్లీషు ప్రతి ఒక రకంగా ఉంటే ఏది చెల్లుద్ది?

పాత ప్లీడరు, ఒంగోలు | మంగళవారం, ఉదయం 11:00

రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం చట్టాలకు ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం. రాష్ట్ర చట్టసభ తెలుగులో చట్టం చేసినా, గవర్నరు అధికారంతో గెజిట్‌లో వచ్చే ఇంగ్లీషు అనువాదాన్నే ఇంగ్లీషులో ప్రామాణిక పాఠంగా చూస్తారు. కేంద్ర చట్టాలకు 1973లో ఇంకో చట్టం వచ్చింది, దాని ప్రకారం రాష్ట్రపతి అధికారంతో గెజిట్‌లో ప్రచురించిన ప్రాంతీయ భాషా అనువాదం ఆ భాషలో ప్రామాణికమే. తగవు వస్తే మాత్రం కోర్టు ఇంగ్లీషు వైపే చూస్తుంది.

దిలీప్ కుమార్ మీద నా అభిప్రాయం చెప్తానన్నాను. మినహాయింపు పొందేవాడిది బరువు అనడం వరకు సరే. కానీ ప్రభుత్వం ఒక మినహాయింపు ఇచ్చిందంటే దానికీ ఒక కారణం ఉంటుంది. రొయ్య పెంచేవాడికి మేత ఖర్చు తగ్గాలని ఇచ్చారు. ఆ ఉద్దేశానికి విలువ లేకుండా, మాట తేలలేదు కాబట్టి ఖజానాకే అంటే, హేడన్ కేసు అడిగిన నాలుగు ప్రశ్నలూ అడగకుండానే కేసు ముగుస్తుంది. పైగా ఇలాంటి సూత్రం ఉన్నంతకాలం నోటిఫికేషన్ రాసేవాడికి శుభ్రంగా రాయాల్సిన అవసరం ఏముంది? మాట అటూ ఇటూగా ఉంటే లాభం వాళ్లకే. ఇక్కడ విడవలూరు అబ్బాయి మొదటి రోజు అడిగిందే నాకు సబబు అనిపిస్తుంది.

ట్రంక్‌రోడ్ ట్యాక్స్ | మంగళవారం, ఉదయం 11:20

సార్, మీరు చెప్పింది వినడానికి బాగుంది. కానీ ఆ సూత్రం ఎత్తేస్తే ఏం జరుగుతుందో నేను చూస్తున్నాను. ఐదు శాతం ఉన్న ప్రతి గదిలోకి పద్దెనిమిది శాతం సరుకును తోసెయ్యడానికి మనుషులు తయారుగా ఉంటారు. వాళ్లకు సలహా చెప్పేది కూడా మాలాంటివాళ్లే.

కందుకూరు మాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:50

ఇద్దరూ జడ్జి దగ్గరే ఆగారు. రాసేవాడి దగ్గరికి పోదాం. 1860 పీనల్ కోడ్ తెరిస్తే సెక్షన్ కింద ఉదాహరణలు ఉంటాయి. ‘ఏ’ అనేవాడు ‘బి’ ఉంగరాన్ని ఇలా తీసుకుంటే దొంగతనం, ఇలా అయితే కాదు. 1872 కాంట్రాక్టు చట్టంలో, ఎవిడెన్స్ చట్టంలో కూడా అంతే. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఉంటుంది. 24(2) కింద అలాంటి ఉదాహరణలు రెండు ఇచ్చి ఉంటే, డబ్బు ట్రెజరీలో ఉండి రైతు పొలంలో ఉంటే ఏమవుతుందో అక్కడే తేలిపోయేది. ఇప్పటి చట్టాల్లో అవి ఎందుకు రాయరు?

పాత ప్లీడరు, ఒంగోలు | మంగళవారం, సాయంత్రం 6:15

పీనల్ కోడ్ స్థానంలో 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఉదాహరణలు చాలావరకు ఉంచారు. పన్నుల్లో, భూముల చట్టాల్లో మాత్రం అలవాటు తప్పింది. ఉదాహరణ చట్టంలో భాగమేనని, తేలిగ్గా తోసిపుచ్చకూడదని 1916లోనే ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లో ఉన్న పై కోర్టు, చెప్పింది. కాకపోతే ఉదాహరణ ఇచ్చింది కదా అని సెక్షన్ దానికే పరిమితం కాదు. మీ పొలానికి సరిపోయే ఉదాహరణ ఉండి, పక్క పొలంలో రైతు సగం డబ్బు తీసుకుని ఉంటే, ఆ సగం కోసం మళ్లీ కోర్టుకు రావాల్సిందే.

కందుకూరు మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:22

రానివ్వండి. ఒక్కడు వస్తాడు. ఇప్పుడైతే ఊరంతా వస్తోంది.